కుంటాటకి దిగిన నక్క

మా దొడ్లో మేక పోలమ్మ ఏడ్చిందంటే బావి పొంగేది, నమ్మితే నమ్మండి. ఏడవదూ మరి! దాని కూతురు చామంతి వెనక కాలి మీంచి బండిచక్రం పోయింది. ప్రాణం దక్కింది గానీ, ముడుచుకున్న కాలు మళ్ళీ సాగలేదు. కోడి దగ్గర్నుంచి గేదె దాకా వచ్చి "అయ్యో, అయ్యో" అన్నారు. ఆ అయ్యోల గాలికి పాక కప్పు లేచిపోయింది!

అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు కంచె అవతలి నక్క గురవయ్య.

"పోలమ్మక్కా, పిల్లని కాలు నేల మోపనివ్వకు. కూర్చోబెట్టి మేపు. ఏదడిగితే అది పెట్టు."

"నీకున్న జాలి సొంతవాళ్ళకి లేదు తమ్ముడూ!"

చామంతి గుమ్మడికాయలా తయారైంది. అది చూసి నక్క చొంగ కారిస్తే, కన్నీళ్ళనుకుంది పిచ్చి పోలమ్మ.

ఒకరోజు దూడ నల్లోడు కేకేశాడు: "చామంతీ, కుంటాటకి రావే!"

పోలమ్మ కొమ్ములు దించింది. "నా బిడ్డని కుంటిదని వెక్కిరిస్తావురా?"

"వెక్కిరింపు కాదు పెద్దమ్మా! పట్టేవాళ్ళు ఒక కాలు ముడుచుకుని గెంతాలి. మేం ముడిస్తే బోర్లా పడుతున్నాం. దీనికి అలవాటేగా!"

"అమ్మా, ఒక్క ఆట!" అంది చామంతి.

"నోర్ముయ్! మీ మామ వద్దన్నాడు."

కానీ పోలమ్మ మేతకి వెళ్ళడం ఆలస్యం, చామంతి ఆటలోకి దూకేది. మొదట్లో ధబీమని పడేది. ఎవరూ అయ్యో అనేవారు కాదు, "లేవే, నీ వంతే!" అనేవారు. కొన్నాళ్ళకి అది గెంతుతుంటే మబ్బులు పక్కకి తప్పుకునేవి!

ఓ మధ్యాహ్నం నల్లోణ్ణి కొయ్యకి కట్టేసి ఉండగా, పోలమ్మ లేకుండా చూసి నక్క కంచె దూరాడు. మూతి నాక్కుంటూ దగ్గరికొచ్చాడు.

"లేవకు తల్లీ, కాలు నొప్పెడుతుంది."

ఆ నాలుక చూడగానే చామంతికి సంగతి అర్థమైంది. అయినా నవ్వింది. "తినేముందు కుంటాట ఆడదామా మామా? పట్టేవాడివి నువ్వే. అబ్బే, కాలు ముడిచి గెంతడం నీవల్ల కాదులే!"

"నావల్ల కాదా? నీలాంటి కుంటిపిల్లని పట్టడానికి మూడు కాళ్ళు కూడా ఎక్కువే!" అని గురవయ్య వెనక కాలు ముడిచాడు.

చామంతి ఒక్క గెంతులో కుడితి గోలెం చుట్టూ తిరిగింది. నక్క తిరగబోయి, తూలి, తలకిందులుగా గోలెంలో పడ్డాడు! నల్లోడి అరుపు ఏడూళ్ళకి వినబడింది. పోలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"కాలు చూసిపోదామని వచ్చానక్కా..." అన్నాడు నక్క, మీసాల నిండా తవుడుతో.

పోలమ్మ కుమ్మిన కుమ్ముకి పక్క జిల్లాలో తేలాడు.

"కాలు నొప్పిగా ఉందా తల్లీ?"

"నొప్పిగానే ఉందమ్మా. కాస్త ఆగి మళ్ళీ ఆడతా."

పోలమ్మ నోటిదాకా వచ్చిన "వద్దు" మింగి, నల్లోడి కట్టు తాడు కొరికి విప్పింది.

మీ బిడ్డ కదలకుండా ఉంటే చాలని కోరే జాలి ఎదురైతే, ముందు దాని కోరలు చూడండి.