ఓబులేసు ఊపిరి

సౌమ్యచైతన్యకు ఆ రోజు ఓబులేసు మీద పట్టరాని కోపం వచ్చింది. బ్రహ్మచారికి కోపం తగదని తెలుసు. తెలిసే వచ్చింది.

ఓబులేసు ఆశ్రమం గోశాలలో ఆవుల్ని చూసుకుంటాడు. గడ్డి దుమ్ము పడక ఆస్తమా పట్టుకుంది. డాక్టరు చదువు ముగించి నేరుగా ఆశ్రమానికి వచ్చిన సౌమ్యచైతన్య అతనికి ఇన్‌హేలర్ ఇచ్చి, పీల్చడం దగ్గరుండి నేర్పాడు. అప్పటినుంచి ఓబులేసుకు పిల్లికూతలు లేవు, రాత్రిళ్లు లేచి కూర్చోవడం లేదు.

కానీ వైద్యశాలలో ఒక చిన్న యంత్రం ఉంది. దాని గొట్టంలోకి నెమ్మదిగా, ఒకే తీరున ఊపిరి వదిలితే శ్వాసనాళాల లోపలి వాపును అంకెగా చూపిస్తుంది. మనిషి పైకి హాయిగా తిరుగుతున్నా లోపలి సంగతి బయటపెడుతుంది. సౌమ్యచైతన్యకు ఆ యంత్రమంటే ప్రాణం. పోయిన నెల తక్కువగా ఉన్న ఓబులేసు అంకె ఈసారి ఇంచుమించు రెట్టింపయింది.

"మందు రోజూ పీలుస్తున్నావా?"

"పొద్దున, సాయంత్రం తప్పకుండా పీలుస్తాండా సామీ."

"యంత్రం అలా చెప్పడం లేదు."

ఓబులేసు యంత్రాన్ని చూశాడు, తర్వాత డాక్టరును చూశాడు. "అదేం చెప్తాందో నాకు తెల్దు సామీ. నేనయితే నిజమే చెప్తాండా."

ఆ రోజు మరికొందరి అంకెలూ పెరిగాయి. అందరూ కూడబలుక్కుని మందు మానేశారని సౌమ్యచైతన్య తీర్మానించుకున్నాడు. మిగతావాళ్లను మందలించి వదిలేశాడు. ఓబులేసుతో మాత్రం, రేపటినుంచి గోశాల వైపు వెళ్లొద్దు, గేటు దగ్గర కూర్చో అన్నాడు.

"గౌరి నేడో రేపో ఈనేట్టుంది సామీ. కొత్తోళ్లను దగ్గరికి రానీదు."

"వేరేవాళ్లు చూసుకుంటారులే."

ఓబులేసు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సౌమ్యచైతన్య సంగతంతా పెద్దస్వామికి చెప్పాడు. పెద్దస్వామి సన్యాసం పుచ్చుకోక ముందు ఊపిరితిత్తుల డాక్టరు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నారు.

"నువ్వేమన్నావు?"

"యంత్రం అలా చెప్పడం లేదన్నాను స్వామీజీ."

"మంచి మాట. గేటు సంగతి రేపు చూద్దాం, ఈ రాత్రికి అతన్ని గౌరి దగ్గరే ఉండనీ. రేపు భోజనాలకు ముందు ఆ యంత్రం పట్టుకురా."

మర్నాడు తెచ్చాడు. "నువ్వు ఊదు," అన్నారు పెద్దస్వామి. ఊదాడు. అంకె చాలా తక్కువ వచ్చింది. సౌమ్యచైతన్యకు లోలోపల తృప్తిగానే అనిపించింది.

ఆ ఆశ్రమంలో పెద్దస్వామి పెట్టిన నియమం ఒకటుంది. ఎవరు వచ్చినా ముందు పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టాలి, ఏం పనిమీద వచ్చావని అడగడం ఆ తర్వాతే. రోగులకూ అంతే. వాళ్లు తిని, కాసేపు నడుం వాల్చాకే వైద్యశాల తెరుస్తారు. ఈ నెలలో ఓబులేసు తోలిన పేడ ఎరువుకు పాలకూర మళ్లు ఏపుగా వచ్చాయి, బీట్‌రూట్ గంపల కొద్దీ ఊరింది. రోజూ పంక్తిలో అవే.

ఆ రోజు పెద్దస్వామి తానే గరిటె అందుకుని శిష్యుడికి వడ్డించారు. పాలకూర పప్పు, బీట్‌రూట్ కూర, మళ్లీ పాలకూర పప్పు. ఆయన ఒకరి ముందు నిలబడి కొసరి కొసరి వడ్డించగా ఎవరూ చూడలేదు. సౌమ్యచైతన్యకు కళ్లు చెమర్చాయి. వద్దనలేక గొంతుదాకా తిన్నాడు.

తర్వాత ఆయన అతన్ని చింతపండు గింజలు తీయడానికి కూర్చోబెట్టారు. పొద్దు వాలుతుండగా యంత్రం వైపు చూపించారు.

"ఇప్పుడు ఊదు."

ఊదాడు. అంకె చూసి, సరిగా ఊదలేదనుకుని మళ్లీ ఊదాడు. రెండుసార్లూ ఇంచుమించు పొద్దుటికి రెట్టింపు.

"ఏం నాయనా," అన్నారు పెద్దస్వామి, ముఖంలో నవ్వు కనబడనీయకుండా, "మందు పీల్చడం మానేశావా?"

"నాకు ఆస్తమా లేదు స్వామీజీ."

"యంత్రం అలా చెప్పడం లేదు."

సౌమ్యచైతన్య చెవులు వేడెక్కాయి. పాలకూర, బీట్‌రూట్ లాంటివి తిన్నాక ఈ పరీక్ష చేస్తే, లోపల వాపు లేకున్నా అంకె పెరుగుతుంది. అతను చదివిన విషయమే. అడిగినవాళ్లకు చెప్పిన విషయం కూడా. చాలాసేపు చేతులకంటిన చింతపండు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఇకనుంచి భోజనాలకు ముందే వైద్యశాల తెరుస్తాను."

"ఎండనపడి వచ్చినవాళ్లకు ముందు అన్నమే నాయనా. పరీక్ష ఉన్న రోజుకు కూర మార్చమని వంటశాలలో చెప్పు."

"ఓబులేసుకు ఏం చెప్పను?"

పెద్దస్వామి చింతపండు బుట్ట తన వైపు లాక్కుని గింజలు తీయసాగారు.

సౌమ్యచైతన్య గోశాలకు వెళ్లాడు. గౌరి అప్పుడే ఈనింది. ఓబులేసు ముక్కుకు తువ్వాలు కట్టుకుని దూడ ఒళ్లు తుడుస్తున్నాడు.

"నువ్వు నిజమే చెప్పావు ఓబులేసూ. నేనే నమ్మలేదు. తప్పు నాది. నువ్వు ఇక్కడే ఉండు."

ఓబులేసు దూడ చెవులు కూడా తుడిచాడు. తర్వాత, "దూడను ఇట్ల పట్టుకోండి సామీ, జారిపోతాంది," అన్నాడు. సౌమ్యచైతన్య తెల్లబట్టలతోనే గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాడు. అతనికి మనసు తేలికపడింది.

మళ్లీ పరీక్ష రోజున పంక్తిలో దోసకాయ పప్పు వడ్డించారు. సాయంత్రం ఓబులేసు వచ్చి, అలవాటుగా గొట్టం కోసం చేయి చాచాడు.

సౌమ్యచైతన్య గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని అతనికి పీట చూపించాడు.

"ముందు నువ్వు చెప్పు ఓబులేసూ. అది తర్వాత చెబుతుంది."