ఐలన్న లెక్క

కొండలు ఇంకా పసిపిల్లలుగా ఉన్న రోజుల్లో ఐలన్న అనే గొర్రెల కాపరి ఉండేవాడు. అతని దగ్గర మూడు రూకలు, ఒక గొంగడి, ఒక కర్ర. ఆస్తి అంతే.

ఊళ్లోవాళ్లు బదరీయాత్రకు పోతూ అతన్ని తోడు రమ్మన్నారు. వాళ్లలో పెద్దది లచ్చుమవ్వ.

"మందను తోలినట్టే మమ్మల్ని తోలుకపోరా ఐలన్నా. ఒక్కరు తక్కువైనా నిన్నే అడుగుత" అంది.

పొద్దున లెక్కబెట్టాడు, పది. మాపున లెక్కబెట్టాడు, పది. నడిచి నడిచి మంచుకొండ కిందికి చేరాక లెక్కబెట్టాడు, పది.

అక్కడ గుడిసెలో ఉన్న ఒక కొండ ముసలమ్మ కూడా లెక్కబెట్టింది.

"పదకొండు మంది ఉన్నారు. పాత మంచు మీద గాలి కొత్త మంచు పోసింది. రెండూ ఇంకా అతుక్కోలేదు. రెండు రోజులు ఆగండి."

"పిండి ఒక్క పూటకే ఉందమ్మా" అంది లచ్చుమవ్వ.

"అయితే ఒక్కొక్కరే దాటండి. ఒకరు అవతల చేరాకే ఇంకొకరు."

ఐలన్నకు తల తిరిగింది. "మందగా ఉంటేనే గదమ్మా బతికేది. విడిపోతే తోడేలు పాలు."

"ఈ కొండ మీద మీ బరువే తోడేలు, బిడ్డా."

ఇది ఎక్కడి లెక్క? పదా, పదకొండా? మందగానా, విడివిడిగానా?

"గొర్రెలను కాసి కాసి నీ బుర్ర గొంగడైంది. చెప్పినట్టు చెయ్" అంది లచ్చుమవ్వ.

మంచువాలు అంచున ఐలన్న కర్రతో పొడిచాడు. ఒకసారి పొడిస్తే గట్టిగా తగిలింది. రెండోసారి పిండిలోకి దిగినట్టు దిగింది. మూడోసారి అడుగున బోలుగా మోగింది. కొండ 'హుమ్' అని మూలిగింది.

ఒక్కొక్కరినే పంపాడు. అందరూ దాటాక తనూ దాటాడు. లెక్కబెట్టాడు, పది. మళ్లీ లెక్కబెట్టాడు, పది. ముసలమ్మ పదకొండంది. కొండ మనిషి, ఆమెకు తెలియదా? దారిలో ఎవరో కలిశారేమో. ఆ తెల్లదనంలో తను చూడలేదేమో.

వెనక్కి తిరిగి మంచులోకి నడిచాడు.

"ఎటు పోతున్నవ్‌రా?" అంది లచ్చుమవ్వ.

"ఒకరు తక్కువున్నరు అవ్వా."

లచ్చుమవ్వ కూడా గాబరాపడి వేళ్లు మడిచింది. పది. అప్పుడు తట్టింది. కాపరి మందను లెక్కబెడతాడు గానీ తనను లెక్కబెట్టుకోడు.

"ఆ ఒక్కడివి నువ్వే బిడ్డా, రా" అని పిలిచింది. గాలి ఆ మాటను ఇటే తోసేసింది. కొండ మళ్లీ మూలిగింది. వాలు మొత్తం ఒక్క దుప్పటిలా జారిపోయింది.

మంచు కరిగాక కర్ర దొరికింది. ఐలన్న దొరకలేదు.

ఈనాటికీ ఆ వాలు దాటేవాళ్లు మందగా పోరు. ముందు ఎవరి గుండె మీద వాళ్లు చెయ్యి వేసుకుని "నేను ఒకటి" అంటారు. తర్వాతే మిగిలినవాళ్ల లెక్క. ఆ పైన మూడుసార్లు కర్ర పొడిచి చెవి పెడతారు.

అదిగో, ముందు పోయినవాడు అవతల చేరాడు. ఇప్పుడు ఇంకొకరి వంతు. చెయ్యి గుండె మీద వేశాడు. కర్ర పొడిచాడు. విన్నాడు. కాలు ఎత్తాడు.