వట్టి వీపు జూలయ్య

కొండమీద ఉప్పు దొరకదు, కొండకింద తేనె దొరకదు. అందుకే సంత పుట్టింది. కొండ దిగువన మామిడితోపులో వారం వారం జరిగే ఆ సంతకి అడవిలోని నాలుగుకాళ్ళవాళ్ళు, రెక్కలవాళ్ళు, పాకేవాళ్ళు అందరూ వచ్చేవారు. పులి కూడా వచ్చేది. ఆ రోజు తనకి ఉపవాసమని ముందే కబురు పెట్టి మరీ వచ్చేది. నమ్మినవాళ్ళు దగ్గర కూర్చుని బేరమాడేవారు, నమ్మనివాళ్ళు చెట్టెక్కి బేరమాడేవారు.

సంత సరుకు మోసే పని జూలయ్య అనే గుర్రానిది, అతని తమ్ముళ్ళది. జూలయ్య మెడలో ఒక కంచు గంట ఉండేది. సంత పెద్ద ఎలుగు తాత స్వయంగా కట్టే గంట అది. ఎవరి మెడలో ఆ గంట ఉంటే సరుకు మోసే హక్కు వాళ్ళది. దారిలో అందరూ వాళ్ళకి పక్కకి తప్పుకోవాలి, కొండెక్కే డొంకలో మొదటి మేత వాళ్ళకే వదలాలి. ముత్తాతల నాటి నుంచీ అది గుర్రాల ఇల్లు దాటలేదు. జూలయ్య ప్రాణమంతా ఆ గంటలోనే ఉండేది. నిద్రలో కూడా మెడ కదిపి చూసుకునేవాడు.

ఆ ఇంటివాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. జూలయ్య ఉప్పు గోతాలు మోసుకుని కొండెక్కుతాడు. అక్కడ దించేశాక వట్టి వీపుతో, గంట మోగించుకుంటూ, దుమ్ము లేపుకుంటూ దౌడు తీసి దిగుతాడు. దిగేటప్పుడు ఓ చింతపండు గంప వేసుకుని రారాదా అని ఎవరైనా అంటే, ఉప్పు మోసిన వీపు చింతపండు మొయ్యదు, మా నాన్న మొయ్యలేదు, నేనూ మొయ్యను అనేవాడు. మరి చింతపండు కిందికి ఎలా వస్తుంది? దానికోసం తమ్ముళ్ళు విడిగా వట్టి వీపులతో కొండెక్కేవాళ్ళు. ఖాళీగా దిగే అన్న, ఖాళీగా ఎక్కే తమ్ముళ్ళు డొంకలో ఎదురుపడి, బాగున్నావా అంటే బాగున్నావా అనుకుని పోయేవారు. నవ్వకండి. మన రోడ్లమీద ఖాళీ లారీలు ఒకదానికొకటి హారన్ కొట్టుకుని పోవడం మీరు చూడలేదా ఏం?

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. వీపు వట్టిదైనా అంతే. ఖాళీగా తిరిగిన గుర్రం కూడా నిండుగానే మేసేది. డొంక పొడుగునా గడ్డి అయిపోయింది. సగం దారిలో దుప్పులు నీళ్ళు తాగే ఊట ఒకటి ఉండేది. దౌడు తీసే గిట్టలు అందులో పడి పడి అది బురదగుంట అయింది. దుప్పులు వెళ్ళి ఎలుగు తాత ముందు ఏడ్చాయి. తాత తల గోక్కుని, సరుకూ రావాలి, డొంకా బతకాలి, ఈ రెండూ చెయ్యగలిగినవాళ్ళు ఉంటే వానలు పడేలోగా రండి, గంట సంగతి అప్పుడు చూద్దాం అని చాటింపు వేయించాడు.

జూలయ్య ఆ చాటింపు విని సకిలించి నవ్వాడు. తాము కాకపోతే ఇంకెవరు మోస్తారని.

మోస్తానని వచ్చింది ఒక గోరింక. పేరు పైడమ్మ. గుప్పెడంత పిట్ట. పిట్ట కొంచెం, కూత ఘనం. గేదెల వీపుల మీద, మేకల వీపుల మీద తిరుగుతూ పురుగులేరుకుని బతికే జాతి కాబట్టి ఎవరు ఏ పూట ఎక్కడికి పోతారో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మేకల మంద పొద్దున్నే మేతకి కొండెక్కుతుంది, సాయంత్రం దిగుతుంది. గేదెలు మధ్యాహ్నం వాగుకి పోతాయి. కొండముచ్చులు చెట్లమీదుగా కొండమీది పైవాడకీ సగం దారిలోని నడిమివాడకీ మధ్య రోజూ ఊగులాడుతూనే ఉంటాయి. ఎలాగూ పోయేవాళ్ళ వీపు మీద తలా ఒక చిన్న మూట పెడితే సరుకు దానంతటదే చేరుతుంది, కొత్తగా ఒక్క గిట్ట కూడా డొంకలో పడక్కర్లేదు. ఇదీ ఆమె ఆలోచన. మన కుర్రకారు స్టార్టప్ అంటారే, అలాంటిదే. పెట్టుబడి ముక్కు, నోరు.

నిజం చెప్పాలంటే ఆమె మొదట జూలయ్య దగ్గరికే వచ్చింది. అతని వీపు మీద వాలి, మావా, దిగేటప్పుడు నీ వీపు ఊరికే పోతోంది, కలిసి చేద్దామా అని అడిగింది. జూలయ్య తోకతో ఒక్కటిచ్చాడు. నా వీపు మీద పిట్టలు వాలవు, పో అన్నాడు. ఆమె ఈకలు దులుపుకుని మేకల దగ్గరికి ఎగిరిపోయింది.

పదిమంది చేతి కర్రలు ఒకడికి మోపు. మేకలు ఒక్కో మూట, కొండముచ్చులు ఒక్కో పొట్లం, ఉడతలు ఒక్కో దోసెడు. ఎండలు ముదిరేసరికి పైవాడలో ఉప్పు కొరత తీరింది. విస్తరాకు పొట్లాల్లో తేనెపట్టు ముక్కలు నలగకుండా సంతకి దిగాయి. మేకలకి కూలిగా కొండమీద కొండముచ్చులు లేత చిగుళ్ళు తుంచి పెట్టేవి. పైడమ్మని చూసి తాబేళ్ళు కూడా, మా వాగు దారి ఖాళీగానే ఉంది కదమ్మా అని అడగడం మొదలుపెట్టాయి.

జూలయ్యకి కడుపు మండిపోయింది. సంతలో ఎవరు నవ్వినా పైడమ్మని మెచ్చుకుంటున్నారనే అనిపించేది. మెచ్చుకుంటే ఎందుకు మెచ్చుకున్నారని మంట, మెచ్చుకోకపోతే మనసులో మెచ్చుకుంటున్నారని మంట. ఒకరోజు దుప్పి పిల్ల ఒకటి పైడమ్మకి దారిచ్చి పక్కకి తప్పుకుంది. గాలిలో ఎగిరే పిట్టకి దారి ఎందుకు? ఆ పూట జూలయ్య దాణా ముట్టలేదు. తమ్ముళ్ళు భయపడ్డారు, అన్నకి ఏదో రోగం వచ్చిందని. రోగమే. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోగం.

అతనికి సలహాదారు ఒక నక్క, పేరు బంగారి. బావా, ఆ పిట్ట కిటుకంతా మూటలు విడగొట్టడంలో ఉంది, విడగొట్టలేని సరుకు ఒకటి మోయించు, అంది.

అది నచ్చింది జూలయ్యకి. మర్నాటి సంతలో తాత ముందు నిలబడి, జూలు విదిల్చి, అందరూ వినేలా మాట్లాడాడు. "తాతా, నువ్వు కూర్చునే బండ పోయినేడు వరదలో కొట్టుకుపోయింది. కొండమీద నున్నటి బండ ఒకటుంది. ఈ పిట్టని తెప్పించమను. వచ్చే సంతకి నీ ముందు ఉండాలి."

"తెప్పిస్తాను," అంది పైడమ్మ.

"ఊరికే కాదు. దానికోసం ఎవరూ ప్రత్యేకంగా కొండెక్కకూడదు. ఎలాగూ దిగేవాళ్ళ ఖాళీ వీపు మీదే రావాలి. అదే కదా నీ గొప్ప? రాకపోతే నీ మూటలు, నీ మేకలు కట్టిపెట్టి పోవాలి."

"వస్తే?" అడిగాడు ఎలుగు తాత.

"వస్తే గంట ఆవిడదే," అన్నాడు జూలయ్య. అనేశాక ఒకసారి మెడ కదిపి గంట చూసుకున్నాడు గానీ, మేక మొయ్యలేదు, ఉడత మొయ్యలేదు, ఇంకెవరు మోస్తారని సర్దుకున్నాడు. పైడమ్మ అతని వంక తల వాల్చి చూసింది, మొహం వంక కాదు, సరిగ్గా పొట్ట వంక. ఏం చూస్తోందో అతనికి అర్థం కాలేదు.

రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడోనాడు వాగు దగ్గర నీళ్ళు తాగుతుంటే పొదకి అటువైపు పైడమ్మ గొంతు, మేకల పెద్ద గొంతు వినిపించాయి. జూలయ్య చెవులు నిక్కబొడిచాడు.

గేదె ఎర్రమ్మ పుట్టింటికని పైవాడ వెళ్ళిందట, సంత రోజే దిగుతోందట. బండ ఆవిడ వీపు మీద వేస్తే సరిపోతుందని పైడమ్మ చెబుతోంది. ఎలాగూ దిగేది, ఖాళీగా దిగేది. షరతు ఎక్కడా తప్పలేదు. జూలయ్యకి నోట్లో నీళ్ళు చేదయ్యాయి.

"అంత బరువు జూలయ్యని అడగలేకపోయావా? గుర్రం కదా," అంది మేక.

"అడుగుదామనుకున్నాను పిన్నీ. పాపం, ఉప్పు గోతాలకి అలవాటుపడ్డ నడుము. బండ పడితే విరిగిపోదూ? ఎర్రమ్మకున్న బలం ఆయనకెక్కడిది. పాపమని ఊరుకున్నాను."

తిట్టి ఉంటే జూలయ్య దులిపేసుకునేవాడే. పాపం అన్నది చూడండి, అది ముల్లులా దిగిపోయింది. ఒక గేదెతో పోలికా? రోజంతా బురదలో పొర్లే గేదె తనకన్నా బలమైనదా? అది బండ తెచ్చి సంతలో దింపుతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తారా? గంట పోతుందన్న దిగులు ఒక పక్క, ఎర్రమ్మకి పేరొస్తుందన్న ఏడుపు ఇంకో పక్క. తూచి చూస్తే రెండోదే బరువుగా ఉంది.

బంగారి దగ్గరికి పరుగెత్తి, గేదె కంటే ముందు ఆ బండ నేనే తెచ్చేస్తాను, పిట్ట తేలేకపోయింది, జూలయ్యే తెచ్చాడు అంటారు, గంట నా మెడలోనే ఉంటుంది, ఎలా ఉంది అని అడిగాడు.

నక్క ముక్కు ఎగబీల్చింది. "బావా, నాకెందుకో ఇందులో వాసన తేడాగా ఉంది. పొదచాటు మాట అంత గట్టిగా ఎవరైనా మాట్లాడతారా? ఎర్రమ్మ ముసలిది, ఆవిడ మోస్తే మొయ్యనీ, మొయ్యకపోతే మరీ మంచిది. నువ్వు ముట్టుకోకు."

"నేను బండ మోసి పేరు తెచ్చుకుంటుంటే నువ్వూ ఓర్వలేకపోతున్నావన్నమాట," అన్నాడు జూలయ్య.

నక్క తోక దులుపుకుని తన దారిన పోయింది. వద్దన్నచోట నక్క కూడా ఉన్న తెలివిని వాడకూడదు.

సంత రోజు పొద్దున్నే ఎప్పటిలాగే ఉప్పు వేసుకుని జూలయ్య కొండెక్కాడు. పైన ఉప్పు దించాడు. నున్నటి బండ ఇప్పచెట్టు కింద సిద్ధంగా ఉంది. చుట్టూ కొండముచ్చులు, పక్కన నార పగ్గాలు. ఎర్రమ్మ కాస్త ఎడంగా నీడలో పడుకుని తీరిగ్గా నెమరేస్తోంది. లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

ఆ బండ నాకు కట్టండి అన్నాడు జూలయ్య. కొండముచ్చుల పెద్ద బుర్ర గోక్కుని, ఎర్రమ్మకని ఉంచాం కదా బాబూ అని నసిగాడు. కట్టమంటుంటే అని జూలయ్య కాలితో నేల తన్నాడు. ఎర్రమ్మ కళ్ళు సగం తెరిచి, "తీసుకెళ్ళు నాయనా, నా మోకాళ్ళు అసలే బాగోలేవు. నీకు పుణ్యముంటుంది," అని మళ్ళీ మూసుకుంది.

ఇంకో పూట అయితే ఆ మాటకి అతను ఆలోచించేవాడేమో. కడుపుమంటకి చెవులుండవు. కొండముచ్చులు చకచకా కట్టేశాయి. పగ్గం పొట్ట కింద నుంచి చుట్టి ముడేస్తే ఒక్క వేలు ఎక్కువా లేదు, ఒక్క వేలు తక్కువా లేదు. మనమంటే గౌరవం, జాగ్రత్తగా కట్టారు అనుకున్నాడు జూలయ్య.

ఆ దిగడం అతను జన్మలో మరిచిపోడు. బండతో దౌడు ఎక్కడిది? అడుగు వెనక అడుగు. దుమ్ము లేవలేదు. గంట కూడా ఆగి ఆగి మోగింది. ఊట దగ్గర దూకే ఓపిక లేక పక్క నుంచి చుట్టి వచ్చాడు. అక్కడ నీళ్ళు తాగుతున్న దుప్పి పిల్లలు అతన్ని చూసి మొదటిసారి పారిపోలేదు. నీళ్ళు తేరుకుని అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. జూలయ్య చూశాడు గానీ అతని మనసు సంతలో ఉంది, పైడమ్మ మొహం ఎలా మాడిపోతుందో చూడాలని.

మామిడితోపు చేరేసరికి నోట నురగ. అయినా మెడ నిలబెట్టి తాత ముందుకి వెళ్ళాడు. సంతకి వచ్చిన కొండముచ్చులు పగ్గం విప్పి బండ దించాయి. తాత దాని చుట్టూ తిరిగి, తట్టి, కూర్చుని చూసుకుని, బాగుంది అన్నాడు.

"ఎవరి వీపు మీద వచ్చింది?"

"నా వీపు మీద," అన్నాడు జూలయ్య, సంతంతా వినేలా.

"దీనికోసమే కొండెక్కావా?"

"నాకేం ఖర్మ తాతా? ఉప్పు దించడానికి ఎక్కాను. ఎలాగూ ఖాళీగా దిగాలి కదా, వేసుకొచ్చాను."

ఎక్కడో ఒక మేక నవ్వాపుకోలేక దగ్గింది. జూలయ్య అన్న మాట జూలయ్యకే తిరిగి వినిపించింది. ఎలాగూ దిగేవాళ్ళ ఖాళీ వీపు. షరతు పెట్టిన నోరే అది తీరిందని సాక్ష్యం చెప్పేసింది.

"అది ఎర్రమ్మ మొయ్యాల్సింది," అన్నాడు నీరసంగా. "నేను ముందు తెచ్చాను. ఈ పిట్ట పంపలేదు."

తాత కిందపడ్డ పగ్గాన్ని పంజాతో ఎత్తి చూపించాడు. "ఇది గేదె కొలతా నాయనా?"

జూలయ్య పగ్గాన్ని చూశాడు, తన పొట్టని చూసుకున్నాడు. ఆ రోజు గోరింక ఏం కొలిచిందో ఇప్పుడు తెలిసింది. ఈ కొండ మొత్తానికి వారం వారం ఖాళీగా దిగే పెద్ద వీపు ఒక్కటే ఉంది. మొదటి రోజే వచ్చి ఆమె అడిగింది కూడా. బంగారి కోసం చుట్టూ చూశాడు. నక్క అప్పటికే తోపు దాటిపోయింది.

తాత గంట విప్పి పైడమ్మ ముందు పెట్టాడు. అది ఆమెకన్నా పెద్దది. ఆమె దాని మీద వాలి, ముక్కుతో ఒకసారి తట్టి, "నా మెడకి ఇదెక్కడ పడుతుంది తాతా. మావ మెడలోనే ఉండనీ. వట్టి వీపుతో మాత్రం ఎప్పుడూ మోగకూడదు. ఇక తమ్ముళ్ళు విడిగా ఎక్కక్కర్లేదు, డొంకలో గడ్డి మొలుస్తుంది," అంది.

జూలయ్యకి కడుపు మండలేదని నేను చెప్పను. బాగా మండింది. గంట పోయి ఉంటే కనీసం ఏడవడానికి ఉండేది. ఇప్పుడు గంట మెడలోనే ఉంది, హక్కు పిట్టది.

పైడమ్మ ఎగిరొచ్చి అతని వీపు మీద వాలింది. "పద మావా. ఉప్పు ఎక్కించుకుందాం. దిగేటప్పుడు పైవాడలో చింతపండు ఉంది."

జూలయ్య తోక అలవాటుగా లేచింది. సంతంతా చూస్తోందని గుర్తొచ్చి మెల్లగా దించుకున్నాడు.

ఓర్వలేనివాడి వీపు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఎదుటివాడి బరువు దానిమీదే ఉంటుంది.