తిరిగివ్వాల్సిన గిన్నె

సీతారత్నం గారిని ప్రశ్న అడిగితే ముందు విసుక్కుంటారు, తర్వాత ఏదో ఇంటి సంగతి ఎత్తుకుంటారు. మల్కాజిగిరిలో ఆవిడ ఫ్లాటుకి ఆదివారాలు ఉపనిషత్తు పాఠానికి వెళ్ళి వంటింటి కబుర్లు విని రావడం మాకు అలవాటే. మంత్రాలు మెట్లు దిగేలోపే జారిపోతాయి, ఆ కబుర్లు మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుంటాయి.

ఆ వారం అడిగినవాడు ఉమాపతి. వాళ్ళ అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి. "గురువుగారూ, తడిచెత్తకో బుట్ట, పొడిచెత్తకో బుట్ట పెట్టించాను. వినని వాళ్ళతో పోట్లాడాను కూడా. అయినా సాయంత్రానికల్లా రెండూ పొంగి పొర్లుతున్నాయి. మన చిన్నప్పుడు ఇంత చెత్త లేదు కదండీ. ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"పాఠం మధ్యలో చెత్త గోలేమిటయ్యా" అన్నారావిడ. కానీ చిన్నప్పుడు అన్న మాట ఎక్కడో తగిలినట్టుంది. పుస్తకం మూసి, చెప్పడం మొదలుపెట్టారు.

చిక్కడపల్లిలో వాటాల ఇల్లు. అందరికీ ఒకటే కుళాయి, ఒకటే చెత్తబుట్ట. ఆ బుట్టలో పడేది పొయ్యి బూడిద, కూరల తొక్కలు, అంతే. పొట్లాం విప్పిన కాగితం దాచుకునేవారు, దారం ఉండకి చుట్టుకునేవారు. సీతారత్నం గారి అమ్మకీ, పక్క వాటా హైమవతికీ మధ్య ఓ కంచు గిన్నె తిరుగుతూ ఉండేది. గిన్నె హైమవతిదే. ఆవిడ కూర పెట్టి ఇస్తే, ఖాళీగా తిరిగిస్తే ఏం బాగుంటుందని అమ్మ పచ్చడి వేసి ఇచ్చేది. "ఆ గిన్నె గుమ్మంలోకి వస్తే చాలు, మాకు ఆకలేసేది. ఎంత బాగుండేవో ఆ రోజులు" అన్నారు గురువుగారు. ఆవిడ అలా అనడం మేం ఎప్పుడూ వినలేదు.

ఒకరోజు కుళాయి దగ్గర బిందె జరిపారని ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. మాటలు ఆగిపోయాయి. గిన్నె అమ్మ దగ్గరే ఉండిపోయింది. ఇంతలో హైమవతి భర్తకి రాజమండ్రి బదిలీ అయింది. తెల్లారితే లారీ. ప్రాణంలో ప్రాణంగా ఉన్న మనిషి పోట్లాటతోనే వెళ్ళిపోతోందని ఈవిడకి అన్నం సయించలేదు. వెళ్ళి పలకరించడానికేమో అభిమానం అడ్డొచ్చింది.

"ఆ గిన్నె పిల్లతో పంపెయ్యి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు ఈవిడ భర్త.

"ఖాళీ గిన్నె పంపితే హైమ వదిలిపోతుందండీ" అని ఈవిడ డబ్బాలన్నీ వెతికింది. నెలాఖరు. అడుగున ఇంత వేరుశనగపప్పు, ఓ బెల్లం గడ్డ దొరికాయి. ఉండలు చుట్టి, గిన్నెలో పెట్టుకుని తనే వెళ్ళింది.

"గిన్నె కోసం వచ్చావా, నాకోసమా?" అంది హైమవతి గుమ్మంలోనే.

"ఇది లేకపోతే నీ గడప తొక్కడానికి నాకు మొహం చెల్లేది కాదే."

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత హైమవతి ఉండలు తీసుకుని, గిన్నె కడిగి, ఇంకా సర్దని జాడీలోంచి మాగాయ వేసి, అలవాటు కొద్దీ ఈవిడ చేతిలోనే పెట్టేసింది. "నీ గిన్నె నీకివ్వడానికే కదే వచ్చాను" అని ఈవిడ నవ్వితే, "ఖాళీగా ఎలా పంపను? మాగాయ అయిపోయాక తెచ్చివ్వు" అంది. ఆ వేసవిలో తల్లీ కూతుళ్ళు గిన్నెనిండా సున్నుండలతో రాజమండ్రి రైలెక్కారు. వాళ్ళిద్దరూ బతికున్నన్నాళ్ళూ అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గరా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయండీ. ఆ మధ్య ఎదురు ఫ్లాటు వాళ్ళకి ప్లాస్టిక్ డబ్బాలో పులిహోర ఇచ్చాను. డబ్బా తిరిగివ్వక్కర్లేదు, పారేయండి అని కూడా చెప్పాను, వాళ్ళకెందుకు శ్రమ అని. ఎందుకో ఏమో, వాళ్ళు మళ్ళీ మా తలుపు కొట్టలేదు."

సీతారత్నం గారు అతనివంక జాలిగా చూశారు.

"నువ్వే వద్దన్నావు కదయ్యా."