నీళ్ళలో రాయికి జారుడు చొక్కా

రండి, దగ్గరికి రండి. అరుగు మీద చోటు చాలకపోతే కాస్త సర్దుకోండి. గవరయ్యా, గుమ్మానికి అడ్డంగా నిలబడకు, వచ్చి కూర్చో. నూకరత్నం, తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకో, లేకపోతే సగం కథలో లేచి పరుగెడతాడు. ఆఁ, కుదురుకున్నారా? ఇక వినండి.

ఒకప్పుడు నీళ్ళలో రాళ్ళు జారేవి కావు. కల్లుప్పులా గరగరలాడేవి. ఏట్లో దిగి ఎంత పరుగెత్తినా ఒక్కరూ వెల్లకిలా పడేవాళ్ళు కారు.

ఆ రోజుల్లో ఒక కొండ కింద నల్లమడుగు అని ఒక పాత మడుగు ఉండేది. దాని నీళ్ళు కాస్త నలుపు. అడుగున బురద, ఒడ్డున తుంగ. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు గానీ, ఎటు చూసినా చేపలే.

ఒక ఏడు తొలకరికి కొండచరియ విరిగి, నల్లమడుగుకి కాస్త దిగువన పెద్ద గొయ్యి పడింది. గొయ్యి నిండా వాన నీళ్ళు నిండాయి. అదే తేటగుంట.

తేటగుంట పుట్టీ పుట్టగానే తనని తాను చూసుకుని మురిసిపోయింది.

"తాబేలు తాతా, నా నీళ్ళు చూశావా? అడుగున చీమ పాకినా కనిపిస్తుంది!"

ఒడ్డున పడుకుని ఎండ కాగుతున్న తాబేలు తాత ఒక కన్ను తెరిచాడు.

"చీమ కనిపిస్తుందమ్మా. చేపే కనిపించదు. చేపల్లేని గుంట పిల్లల్లేని బడిలాంటిది. గోడలు బాగుంటాయి, గోల ఉండదు."

ఆ మాట తేటగుంటకి ముల్లులా గుచ్చుకుంది. ఎలాగైనా చేపల్ని తెచ్చుకోవాలనుకుంది. నల్లమడుగులో పరిగెమ్మ అని ఒక చిన్న చేప ఉంది. ఒంటరి చేప కాదు, బోలెడంత సంతానం. తేటగుంట గొంతెత్తి పిలిచింది.

"పరిగెమ్మొదినా! ఆ నల్లనీళ్ళలో ఎన్నాళ్ళుంటావు? రా, పిల్లల్ని తీసుకుని రా. ఇల్లంతా అద్దంలా ఉంది, ఆడుకోవచ్చు!"

అది విని నల్లమడుగు అంది: "తొందరపడకే చెల్లీ. పాలు పొంగించకుండా కొత్తింట్లో కాపురం పెడతామా? ఇంట్లో ఊడ్చేవాళ్ళు కావాలి, తుడిచేవాళ్ళు కావాలి. నీకింకా వాళ్ళెవరూ రాలేదు."

"మురికే లేని ఇంట్లో ఊడ్చేవాళ్ళెందుకక్కా? నీ బురదకి కావాలి గానీ!"

నల్లమడుగు నొచ్చుకుంది. నొచ్చుకుని కూడా ఊరుకుంది. స్నేహమంటే అంతే మరి.

వానలు కదా, నల్లమడుగు పొంగి తేటగుంటలోకి చిన్న కాలువ కట్టింది. పరిగెమ్మ పిల్లలు అమ్మ ఊఁ అనకముందే ఆ కాలువలో పడి జారిపోయారు. చేసేదేముంది, పరిగెమ్మ కూడా వాళ్ళ వెనకే వచ్చేసింది.

ఇక చూడాలి ఆటలు! దాగుడుమూతలు, మునుగుళ్ళు, ఒకరి తోక ఒకరు పట్టుకుని రైలాట. తేటగుంటకి పట్టరాని సంతోషం. పురుగో పుట్రో దొరికినవన్నీ తెచ్చి పిల్లలకి పెట్టింది. వాళ్ళు తిన్నారు. తిన్నాక...

నవ్వకండి. తిన్నాక ఎవరైనా వెళ్ళాల్సిందేగా! మనకైతే చెంబుంది, చాటుంది. చేపలకి ఏముంది? ఉన్నచోటే.

నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. కంటికి తేట, ఒంటికి ఘాటు. కంటికి కనబడని ఘాటు రోజురోజుకీ పెరిగింది.

"అమ్మా, కళ్ళు మంట!"

"అమ్మా, ఊపిరాడట్లేదే!"

పరిగెమ్మ చూస్తే పిల్లల మొప్పలన్నీ మిరపపండులా ఎర్రబడ్డాయి. అందరూ నీళ్ళ మీదికొచ్చి నోళ్ళు తెరుస్తున్నారు.

"పదండర్రా! కాలువలో ఎదురీదండి! ఇంటికి పోదాం!"

పిల్లలు పడుతూ లేస్తూ కాలువలో ఎదురీదారు. పరిగెమ్మ వెనక నుంచి ఒక్కొక్కర్నీ నెట్టింది. అందర్నీ నల్లమడుగులోకి చేర్చి వెనక్కి తిరిగి చూస్తే, అందరికన్నా చిన్నది, చిట్టిపరిగె, కిందే ఉండిపోయింది. దానికి ఎదురీదే సత్తువ లేదు. వాన వెలిసింది. కాలువలో నీళ్ళు తగ్గి తగ్గి, చివరికి దారంలాంటి ధారే మిగిలింది. అందులో పరిగెమ్మ పట్టదు.

పైన తల్లి, కింద పిల్ల.

"చిట్టీ!"

"అమ్మా!"

తేటగుంట గొల్లుమంది. "అక్కా, నేనే పిలిచాను! నా ఇంటికే వచ్చింది! ఇప్పుడేం చెయ్యనే?"

"నే చెప్పానా?" అనొచ్చు నల్లమడుగు. అనలేదు.

"ముందు ఆ ఏడుపాపు. అసలే ఘాటు, దానికి తోడు ఉప్పొకటి కలపకు. చిట్టీ, నా ధార పడేచోటే ఉండమ్మా, కదలకు. అక్కడ నా నీళ్ళు పడుతుంటాయి, కాస్త హాయిగా ఉంటుంది. మేత అడక్కు. తినకపోతే రెండో పని ఉండదు. చెల్లీ, నీకు నా బుడతల్ని పంపిస్తాను."

"బుడతలెవరక్కా?"

"నా బురదలో ఉంటారు. ఎవరి కంటికీ ఆనరు. అన్న బుడతలకి ఘాటంటే ప్రాణం. మిరపకాయ బజ్జీల్లా లాగించేస్తారు. తిని చేదు వదులుతారు. తమ్ముడు బుడతలకి ఆ చేదంటే ప్రాణం. కాకరకాయ వేపుడులా నాకేస్తారు. వాళ్ళు వదిలింది తుంగ వేళ్ళు తాగేస్తాయి. నా ఇల్లు ఊడ్చేదీ తుడిచేదీ వాళ్ళే."

నల్లమడుగు అడుగు నుంచి ఒక రాయి తీసింది. దానికి బురద మెత్తింది. బురదలో బుడతలు ఎక్కి కూర్చున్నారు. ఎండకి వాళ్ళు ఎండిపోకుండా పైన తడి తుంగ కప్పి, రాయిని తాబేలు తాత వీపు మీద పెట్టింది.

"తాతా, కాస్త పరుగెత్తు."

తాబేలు తాత పరుగెత్తాడు. ఎంత జోరుగా అంటే, దారిలో ఒక నత్తని దాటేశాడు.

రాయి వచ్చింది. తేటగుంట దాన్ని చూసి ముక్కు చిట్లించింది. "ఇదేంటి, ఇంత మురికి! అక్క ఎంత మంచిదైనా శుభ్రం మాత్రం తెలీదు" అనుకుంది. బిడ్డకి బాగాలేని ఇంట్లోకి మురికి రాయి ఎలా తేవడం? అలలతో కడిగింది. ఇసకేసి తోమింది. చింతపండేసి ఇత్తడి బిందె తోమినట్టు తళతళా తోమి, అప్పుడు అడుగున పెట్టింది.

"ఓసి నీ శుభ్రం పాడుగానూ!" అన్నాడు తాబేలు తాత. "మీ అక్క పంపింది రాయిని కాదే! రాయి మీదున్నవాళ్ళని!"

బుడతలు ఎక్కడున్నారు? ఒడ్డుకి కొట్టుకొచ్చి, బురదలో దొర్లుతూ, కేకలేస్తున్నారు.

"ఇదేం మర్యాదండీ! చుట్టాలొస్తే కాళ్ళకి నీళ్ళిస్తారు గానీ, చుట్టాల్నే కడిగి పారబోస్తారా?"

"తాతా, మమ్మల్ని మా ఇంట్లో దింపు. ఈ గడప మళ్ళీ తొక్కం!"

అందరూ తాత కాళ్ళకంటిన బురదలోకి ఎక్కేశారు. తాత వాళ్ళని మోసుకుంటూ నల్లమడుగుకి తిరిగొచ్చాడు. ధార ఇంకా సన్నబడింది. చిట్టిపరిగె "అమ్మా" అంటుంటే ఆ మాట కూడా సన్నగా వినిపిస్తోంది.

నల్లమడుగు బతిమాలింది. బుడతలు బిగుసుకుపోయారు.

"వెళ్తే మళ్ళీ తోముతుంది. దాని చెయ్యి ఊరుకోదు. మమ్మల్ని ఎవరూ గోకలేని చొక్కా ఒకటి ఇప్పించు, అప్పుడెళ్తాం."

గోకలేని చొక్కా ఎక్కడ దొరుకుతుంది? నల్లమడుగు ఆలోచనలో పడింది. పరిగెమ్మ ముందుకొచ్చింది.

"నాయనా, నా ఒళ్ళు చూడండి. ఎంతమంది పట్టుకోబోయారు! పట్టినవాళ్ళ చేతిలోంచి జర్రున జారాను. ఈ జిగురుతోనే ఇన్నాళ్ళూ బతికాను. ఇది తీసుకోండి. నా బిడ్డ అక్కడుంది."

బుడతలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మరి నీకో, అత్తా?"

"నాకు మళ్ళీ ఊరుతుంది. ఊరకపోతే పోనీ. తీసుకోండి ముందు!"

పరిగెమ్మ ఒక కొత్త రాయికి తన ఒళ్ళు రుద్దింది. ఆ వైపు, ఈ వైపు, పొలుసులు ఊడేదాకా రుద్దింది. బుడతలు ఆ జిగురులో దూరి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, రాయంతా పరుచుకున్నారు. జారుడు చొక్కా తయారైంది.

తాబేలు తాత మళ్ళీ బయల్దేరాడు. ఈసారి ఆ నత్తని ఇంకోసారి దాటాడు.

రాయి రాగానే తేటగుంట చెయ్యి దానంతటదే లేచింది. అలవాటు! ఒక్క అల వచ్చి రాయిని తోమబోయి, జర్రున జారి, అవతలి ఒడ్డున పడింది.

"తోము, తోము! ఇప్పుడు తోము చూద్దాం!" అని బుడతలు పకపకా నవ్వారు. చిట్టిపరిగెకి కూడా నవ్వొచ్చింది. వచ్చాక ఆయాసమూ వచ్చింది. అది చూసి అన్న బుడతలు నవ్వు మాని పనిలో దిగారు.

తిన్నారు, తిన్నారు, ఘాటంతా తిన్నారు. చిట్టిపరిగె కళ్ళ మంట చల్లారింది. తేటగుంట అప్పుడే గొంతెత్తింది.

"పరిగెమ్మొదినా! అయిపోయింది, అందరూ వచ్చెయ్యండి!"

"ఉండవే! ఘాటు పోయింది, ఇప్పుడు చేదుంది" అని నల్లమడుగు కసిరింది. "తమ్ముళ్ళు ఇప్పుడిప్పుడే కండువాలు తీస్తున్నారు. వాళ్ళని కూర్చోనీ, తిననీ. ఆకు వేసీ వెయ్యగానే లెమ్మంటావేంటి?"

తేటగుంటకి ఎదురుచూడ్డం చాలా కష్టమైంది. పైగా నీళ్ళు కాస్త మసకబారాయి. రాళ్ళ మీద పాచి పట్టింది. "అయ్యో, నా అద్దం!" అనుకుంది. ఆ మసకలో చిట్టిపరిగె తోక ఆడించుకుంటూ ధార దగ్గర్నుంచి గుంట మధ్యకి వచ్చింది. తేటగుంట ఇంక అద్దం మాటెత్తలేదు. చెయ్యి దురద పెట్టినా రాళ్ళ జోలికి పోలేదు.

తమ్ముళ్ళు చేదంతా నాకేశాక మళ్ళీ వాన కురిసింది. కాలువ నిండింది. ముందు పరిగెమ్మ ఒక్కతే వచ్చింది. చిట్టిపరిగె తల్లి పొట్ట కింద దూరి ఎంతకీ బయటికి రాలేదు. కొన్నాళ్ళకి ఇంకో ఇద్దరు వచ్చారు. బుడతలు పెరిగేకొద్దీ మిగిలినవాళ్ళూ కొద్దికొద్దిగా వచ్చారు. "ఒక్కసారే అందరూ పంక్తిలో కూర్చుంటే వడ్డించేవాళ్ళు చావాలి" అంది నల్లమడుగు.

జారుడు చొక్కా సంగతి ఊరూవాడా పాకింది. ఏటి బుడతలు, చెరువు బుడతలు, వాగు బుడతలు, అందరూ అలాంటివే కుట్టించుకున్నారు.

అప్పటినుంచే నీళ్ళలో నానే రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది. అప్పటినుంచే కొత్త గుంటలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నా, రాళ్ళు జారేదాకా చేపలు నిలవవు. ఇళ్ళల్లో గాజుతొట్టెలో చేపల్ని పెంచేవాళ్ళు కూడా, తెలిసినవాళ్ళైతే, స్నేహితుడి పాత తొట్టెలోంచి ఒక జారుడు రాయి అడిగి తెచ్చుకుని, కడక్కుండా కొత్త తొట్టెలో పెట్టి, చేపల్ని తేవడానికి మాత్రం ఓపిక పడతారు.

సరే, లేవండి. ఇళ్ళల్లో కూర పొయ్యి మీంచి దిగే వేళైంది. వెళ్ళి వేడిగా తినండి. తినేముందు చేతులు శుభ్రంగా కడుక్కోండి. "నా చేతి మీద బుడతలున్నారు, కడిగితే వాళ్ళు అలుగుతారు" అని ఎవడైనా అమ్మతో అన్నాడని తెలిసిందో, రేపు వాడి చేతులు నేనే ఇసకేసి తోముతాను.