రత్నమ్మ కారు

రత్నమ్మ కారు మళ్లీ వచ్చి మెకానిక్ షెడ్డు ముందు ఆగేసరికి ఓబులేసు మొహం మాడిపోయింది. అదే ఏసీ, అదే జబ్బు. రెండుసార్లు బాగుచేసి, "ఇంక నీకు ఢోకా లేదక్కా" అని మాటిచ్చి పంపిన బండి అది.

రత్నమ్మ పట్టుపురుగుల పిల్లల్ని సాకి, కాస్త ఎదిగాక కదిరి చుట్టుపక్కల రైతులకు చేరవేస్తుంది. వెనక సీటు తీసేయించి, అక్కడ ట్రేలు పేర్చుకుంటుంది. దారిలో చల్లగా ఉంటేనే అవి బతుకుతాయి.

ఆమె కారు దిగి అరవలేదు. అరిచినా బాగుండేది.

"దావలో ఏసీ నిలిచిపోయిందప్పా. సగం ట్రేలు చచ్చిపోయినాయి," అంది. "రేపు మళ్లా లోడు ఉండాది. ఈ తూరి కూడా ఇట్లే అయితే నన్ను ఎవరూ నమ్మరు."

ఓబులేసు సిగ్గుతో కుంచించుకుపోయాడు. పైగా వచ్చే శుక్రవారమే అతని సొంత షాపు మొదలు. ఆ వీధి మెకానిక్కులకు ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు షాపు పెడితే మొదటిసారి షట్టరు ఎత్తేది గురువే. గురువు అడుగుపెట్టని షాపు వైపు బండ్లు కన్నెత్తి కూడా చూడవు. ఈ షెడ్డు యజమాని, తనకు పని నేర్పిన దస్తగిరి ఉస్తాద్‌ను ఓబులేసు ఎప్పుడో పిలిచాడు. ఆయన వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. టీ తాగి గ్లాసు కింద పెట్టాడు, అంతే.

ఇప్పుడీ బండి సరిగ్గా ఆయన కళ్లముందే వచ్చి నిలబడింది.

రత్నమ్మ సాయంత్రం వస్తానని వెళ్లిపోయింది. ఓబులేసు బానెట్ ఎత్తి గేజీ తగిలించాడు. గ్యాసు ఉండాల్సినంత ఉంది. లోపల చెయ్యి పెడితే చల్లటి గాలి జివ్వున కొట్టింది. ఈ కారు ఎప్పుడూ ఇంతే. షెడ్డులో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, ఊరు దాటాక రత్నమ్మ ప్రాణం తీస్తుంది. మొదటిసారి పాత గ్యాసంతా తీసి కొత్తది నింపాడు, చల్లబడింది. రెండోసారి వాల్వు మార్చాడు, మళ్లీ చల్లబడింది.

"కంప్రెసరే పోయింటాది ఉస్తాద్. అది మార్చేస్తే ఖతం," అన్నాడు స్పానరు అందుకుంటూ.

దస్తగిరి లేచి వచ్చి, ఆ స్పానరు అతని చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "రా నాయనా, అట్లా తిరిగొద్దాం."

ఉస్తాద్ నడిపాడు. ఓబులేసు పక్కన కూర్చున్నాడు. వాన రాబోయే ముందటి ఉక్క బయట ఊపిరాడనివ్వకుండా ఉంది. ఎదర రోడ్డు నీళ్లలా వణుకుతోంది. గుట్టలూ, గుట్టల మీది బండలూ, మేకల మందా, అన్నీ కలలోలాగా చప్పుడు లేకుండా వెనక్కి పోతున్నాయి. లోపల మాత్రం హాయిగా ఉంది.

మాట్లాడకుండా కూర్చోవడం ఓబులేసుకు పుట్టుకతోనే చేతకాదు. "చూసినారా ఉస్తాద్, ఎంత చల్లగా..." అని అందుకున్నాడు. ఉస్తాద్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

రత్నమ్మ తిరిగొచ్చేటప్పుడు పట్టుగూళ్లు మార్కెట్టుకు వేసుకొస్తుంది. వాటి పోగొకటి ముందు సీటుకు అంటుకుని ఉంది. ఉస్తాద్ దాన్ని మెల్లగా తీసి, గాలి వచ్చే కంత దగ్గర తగిలించాడు. పోగు లేచి గాలిలో నిలబడింది. ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

ఓబులేసు పోగును చూస్తూ కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు? చూడగా చూడగా కళ్లు బరువెక్కాయి. ఆ మగతలో వెనక ట్రేలలో చచ్చిన పురుగులన్నీ లేచినట్టు, మల్బరీ ఆకులు కొరుకుతున్నట్టు అనిపించింది. సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

కళ్లు తెరిచేసరికి మెడంతా చెమట. పోగు వాలిపోయి, కదలకుండా వేలాడుతోంది.

"నిలిచిపోయింది!" అంటూ చెయ్యి పెట్టాడు. నిలిచిపోలేదు. ఫ్యాను తిరుగుతోంది. కంప్రెసరు ఆడుతూనే ఉంది. వచ్చే ఆ ఒక్క పిసరు గాలీ చెయ్యి కొరికేంత చల్లగా ఉంది. కానీ గాలే రావడం లేదు.

ఉస్తాద్ ఒక చింతచెట్టు నీడన ఆపి ఇంజను ఆర్పాడు. ఇద్దరూ దిగి గట్టు మీద కూర్చున్నారు. ఎక్కడో ఒక పిట్ట కూసి ఊరుకుంది. కొంతసేపటికి కారు కింద నీళ్లు కారడం మొదలైంది. మొదట బొట్లు, తర్వాత ధార. ఓబులేసు వంగి ఆ నీళ్ల కింద అరచెయ్యి పెట్టాడు. వేళ్లు జివ్వుమన్నాయి.

"లోపలంతా మంచు పేరుకోనుండాది," అన్నాడు మెల్లగా. "గాలికి దావ లేదు. చల్లదనం చాలక కాదు ఉస్తాద్, ఎక్కువై."

ఉస్తాద్ తలూపాడు.

"షెడ్డులో నిలిపిన ప్రతిసారీ అది కరిగిపోయింది. నేను బాగుచేసినాననుకున్న్యా."

నీళ్లు ఆగేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

షెడ్డుకు తిరిగొచ్చాక ఓబులేసు డాష్‌బోర్డు విప్పాడు. లోపల మంచు పట్టే కాయిలు పక్కన వేలెడంత కూడా లేని సెన్సరు ఒకటి ఉంటుంది. చల్లదనం చాలినంత అయ్యాక, కాసేపు ఆగమని కంప్రెసరుకు చెప్పాల్సింది అదే. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంది. అది చెప్పకపోవడంతో కంప్రెసరు ఆగడమే మరిచిపోయింది.

కొత్తది పెట్టి బండి ఆడించాడు. కొంతసేపటికి టక్కుమని కంప్రెసరు ఆగింది. ఓబులేసు చెయ్యి అలవాటుగా గేజీ వైపు పోబోయి, మధ్యలోనే నిలిచింది. ఎదురుచూశాడు. మళ్లీ టక్కుమంది, మళ్లీ చల్లటి గాలి మొదలైంది. అలా ఆగడమూ, మొదలవడమూ వింటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

పొద్దు వాలాక రత్నమ్మ వచ్చింది. "బాగైందా అప్పా?" అంది, భయంభయంగా.

"అయిందనే అనుకుంటాండా అక్కా," అన్నాడు ఓబులేసు. "కానీ నా మాట నమ్మి పురుగుల్ని ఎక్కించద్దు. ఇప్పుడు ఖాళీ బండిలో నీ ఆఖరి ఊరిదాకా పొయ్యొద్దాం రా. యాడా ఏసీ ఆగకుంటే, రేపు లోడుతో కూడా నేనొస్తా. పురుగులు దిగేదాకా నీ పక్కనే కూర్చోనుంటా."

రత్నమ్మ అతని వైపు కాస్త వింతగా చూసి, తాళాలు తీసుకుంది. ఓబులేసు తలుపు తీసి, మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాడు.

దస్తగిరి ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ కారు దగ్గరకొచ్చి, కిటికీలోంచి వంగి అడిగాడు.

"శుక్రవారం ఎన్ని గంటలకు రావాల నాయనా?"