ఎంత తెలుసో, ఎంత తెలీదో

యూనుస్ నమాజుకు నిలబడలేకపోతున్నాడు.

ఒళ్లు బాగానే ఉంది. ఇబ్బంది బుద్ధితోనే. బీదరులో చాలాకాలం తర్కం చదివాడు. ఎదుటివాళ్ల వాదాల్లో లొసుగులు పట్టడంలో అతన్ని మించినవాళ్లు అక్కడ లేరు. కానీ ఒకసారి అలవాటైన చూపు ఎదుటివాళ్లతో ఆగలేదు. తను నమ్మినవాటి మీదికే తిరిగింది. ఒక్కొక్కటే కూలిపోతూ వచ్చాయి.

చివరికి చిత్రావతి ఏటి ఒడ్డున, నలుగురైదుగురు శిష్యులతో, చిన్న సూఫీ మఠంలాంటి ఖాన్‌కాలో ఉంటున్న ఇనాయత్ షా దగ్గరికి వచ్చాడు. పెద్దాయన అప్పుడు వాకిట్లో కూర్చుని సొరకాయ తరుగుతున్నాడు.

"హజ్రత్, దేవుడున్నాడనే ప్రతి రుజువులోనూ నాకు లోపం కనిపిస్తోంది" అన్నాడు యూనుస్.

"లేడనే రుజువుల్లో?"

"వాటిలోనూ కనిపిస్తోంది."

"మంచి చూపే" అని పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

యూనుస్ కూర్చున్నాడు. "నమాజుకు నిలబడితే నాలుక ఒకటంటుంది, బుద్ధి ఒకటంటుంది. అబద్ధమాడుతున్నట్టు ఉంటుంది."

"అయితే ఆడకు. ఆ కత్తిపీట ఇటు జరుపు."

అలా అతను అక్కడే ఉండిపోయాడు. అందరూ నమాజుకు నిలబడినప్పుడు వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఇది దస్తగిరికి గిట్టలేదు. దస్తగిరి శిష్యుల్లో పాతవాడు, గురువు మాటే ప్రాణంగా బతికేవాడు.

"వాణ్ణి పంపెయ్యండి హజ్రత్. చూసినవాళ్లకు కూడా ఆ రోగం అంటుకుంటుంది" అన్నాడొక రోజు, యూనుస్ వింటుండగానే.

ఆ సాయంత్రం, బయట వాన కురుస్తుండగా, యూనుస్ తన బట్టలు మూట కట్టుకున్నాడు. పెద్దాయన దాన్ని చూసి, "వాన తగ్గనీ" అని మాత్రం అన్నాడు.

వాన తగ్గేసరికి ఏరు పొంగింది. పొంగు తీసిన మర్నాటి ఉదయం, పక్క ఊరి ఓబుళమ్మ తన కూతురు సుంకులును మంచం మీద మోయించుకుని వచ్చింది. మంచానికి ముందు అల్లుడు, వెనక అతని అన్న. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందట. ఆ చుట్టుపట్ల చెయ్యి తిరిగిన మంత్రసాని ఏటికి అవతలి ఊళ్లో ఉంది.

"సామీ, తెల్లారకముందు నుంచీ నొప్పులు పడతాంది" అంది ఓబుళమ్మ చేతులు జోడించి. "రవ్వంత ఊది పెట్టు. నీ మాట మీద దాటిపోతాం."

"రేవు మనకు తెలిసిందే కదా. హజ్రత్ దువా ఉంటే భయమేముంది?" అని దస్తగిరి అప్పుడే పంచె ఎగ్గట్టాడు.

ఇనాయత్ షా ఆ పిల్ల నుదుట ఊది పెట్టాడు. తల మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకుని దువా చేశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"యూనుస్, నీకేమనిపిస్తోంది?"

అందరూ అతని వైపు చూశారు. యూనుస్ తడబడ్డాడు.

"రేవు సంగతా? నాకు తెలీదు హజ్రత్."

"తెలుసుకో."

యూనుస్ ఒక వెదురు గడ తీసుకున్నాడు. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస దస్తగిరి చేతిలో పెట్టి, పాత రేవులో దిగాడు. నీళ్లు నిశ్చలంగా, మోకాలి లోతే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఇంకాస్త ముందుకు వెళ్లి గడ పొడిచేసరికి అది కిందికి, ఇంకా కిందికి దిగిపోయింది. ఆ వెంటే అతని కాలూ దిగింది. వరదకు ఇసుక కదిలి అక్కడంతా ఊబి అయింది. తొడల దాకా కూరుకుపోయినవాణ్ణి దస్తగిరి ఒడ్డు మీద పడుకుని మరీ లాగాడు.

దస్తగిరి ఆ పిల్ల మంచంతో దిగబోయింది అక్కడే. అతని ముఖం పాలిపోయింది.

యూనుస్ ఒడ్డు వెంబడే ఎగువకు నడుస్తూ, పొడుస్తూ, ఒక్కోచోట దిగి చూస్తూ పోయాడు. మంచం మీద సుంకులు పళ్లు బిగబట్టి మూలుగుతోంది.

"ఇంగ ఎంతసేపు పొడుస్తావు నాయనా! ఈడ బిడ్డ పాణం పోతాంది" అని ఓబుళమ్మ అరిచింది. నోటికొచ్చినట్టు తిట్టింది కూడా.

అతను తొందరపడలేదు. చాలా ఎగువన, నీళ్లు గలగలమంటూ పారే చోట గడకు రాయి తగిలింది. మరికొంత ముందుకెళ్లినా రాయే తగిలింది. వణుకుతూ వెనక్కి వచ్చాడు.

"అక్కడ దాటొచ్చనుకుంటున్నా హజ్రత్. సగం దాకా అడుగున రాయి ఉంది. నట్టనడుమ మాత్రం ప్రవాహం గడను లాగేసింది, అడుగు అందలేదు. అవతల మళ్లీ నీళ్లు పలచగా ఉన్నట్టున్నాయి. కానీ ఖచ్చితంగా చెప్పలేను."

ఇనాయత్ షా లుంగీ పైకి మడిచి కట్టాడు. మంచం మోసేవాళ్లను రమ్మని సైగ చేసి, ఎగువకు నడిచి వెళ్లి, నీళ్లలో దిగాడు.

యూనుస్ వెనకాలే పరుగెత్తాడు. "హజ్రత్, ఆగండి! నాకు తెలీదన్నాను కదా!"

"విన్నాను. ఎంత తెలుసో చెప్పావు, ఎంత తెలీదో చెప్పావు. ఇంతకంటే నమ్మదగ్గ మాట నాకు ఎవరు చెబుతారు?" పెద్దాయన చెయ్యి చాచాడు. "పద, నువ్వు ముందు నడు."

యూనుస్ ఒక చేత్తో గడ, ఒక చేత్తో గురువు చెయ్యి పట్టుకుని నడిచాడు. నట్టనడుమకు వచ్చేసరికి నీళ్లు రొమ్ము దాకా లేచాయి. ప్రవాహం మళ్లీ గడను లాగేసింది, అడుగు అందలేదు. అక్కడితో అతనికి తెలిసింది అయిపోయింది. కాలు ఎత్తి నిలబడ్డాడు. వెనక్కి చూస్తే పెద్దాయన తొందరేమీ లేనట్టు ప్రవాహంలో ఊగుతూ నిలబడి ఉన్నాడు.

యూనుస్ కాలు వేశాడు. గులకరాళ్లు గరగరమన్నాయి, తర్వాత నిలిచాయి.

"ఎడమకు! నా వెనకే రండి, ఎడమకు!" అని కేక పెట్టాడు.

మంచాన్ని భుజాల మీదికి ఎత్తుకుని అన్నదమ్ములు దిగారు. పక్కన దస్తగిరి, మంచంకోడు పట్టుకుని ఓబుళమ్మ. అందరూ దాటారు.

మధ్యాహ్నానికి మంత్రసాని ఇంట్లోంచి బిడ్డ ఏడుపు వినిపించింది. కొంతసేపటికి ఓబుళమ్మ బయటికి వచ్చింది. అరుగు మీద తడి బట్టలతో కూర్చున్న యూనుస్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"ఆడపిల్ల నాయనా. తల్లీ బాగుంది. నిన్ను ఎన్నెన్ని మాటలంటినో, మనసులో పెట్టుకోవద్దు."

దస్తగిరి ఎక్కడి నుంచో పొడి తువ్వాలు ఒకటి తెచ్చి యూనుస్ భుజాల మీద కప్పాడు. కప్పి, చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు.

యూనుస్ లేచి ఏటి ఒడ్డుకు వెళ్లాడు. అక్కడ ఇనాయత్ షా తన చొక్కా పిండుకుంటున్నాడు.

"హజ్రత్, గుండె నిండిపోయి ఉంది. ఎవరికైనా కృతజ్ఞత చెప్పుకోవాలనుంది."

"చెప్పుకో."

"దస్తగిరికి చెప్పాను, తాడు వదలనందుకు. మీకూ చెబుతున్నా. అయినా తీరడం లేదు, ఇంకా మిగిలిపోతోంది. ఆ బిడ్డ ఏడుపు వినగానే మరీ ఎక్కువైంది. ఉన్నాడో లేడో తెలియనివాడికి ఎలా చెప్పుకోను?"

పెద్దాయన చొక్కా దులిపి ఒక పొద మీద ఆరేశాడు.

"తెలిసేదాకా ఆపుకోగలిగితే ఆపుకో నాయనా" అన్నాడు.

యూనుస్ నీళ్ల వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా ఆ తడి ఇసుకలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.